సోమశిల నీళ్ళ మీద ఒక రోజు

(ఆత్మకూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు కార్యదర్శి గారు రెండు షరతులు పెట్టారు. డి.ఏ. బకాయిల గురించి మాట్లాడవద్దన్నారు. దానికి వేరే వక్తలున్నారు. మోకాళ్ళ నొప్పుల గురించీ వద్దన్నారు. మధ్యాహ్నం డాక్టరు గారు వస్తున్నారు. ఈ రెండూ తీసేస్తే మన వయసు వాళ్ళకు మాట్లాడడానికి ఇంకేం మిగిలిందని ఆలోచించాను. చివరికి, గత డిసెంబరులో మేము ముగ్గురు మిత్రులం సోమశిల జలాశయంలో పడవ మీద తిరిగి, చేపలు పట్టి, ఒక తిప్ప మీద వండుకు తిని వచ్చిన సంగతి చెబుదామని నిశ్చయించుకున్నాను. కాలక్షేపం కబుర్లే అనుకోండి. అయితే చివర ఒక చిన్న విన్నపం ఉంది. అంతవరకూ కాఫీకి లేవవద్దని మనవి.

ఈ ప్రయాణానికి మూలకారకుడు మా మనవడు. మా పెద్దమ్మాయి కొడుకు స్కాట్లండులో చదువుకుంటున్నాడు. అక్కడ పడమటి తీరాన సముద్రంలో వందలాది దీవులున్నాయట. సెలవు రోజున స్నేహితులతో తెరచాప పడవ ఎక్కి, దీవి నుంచి దీవికి తిరుగుతూ, గాలాలు వేసి చేపలు పట్టుకుని, సాయంత్రానికి ఒడ్డు చేరామని ఫోటోలు పంపాడు. ఆ చేపలు మన కానాగంతల జాతివే. ‘తాతయ్యా, మన ఉదయగిరి వైపు ఇట్లాంటివి ఎక్కడుంటాయి, అంతా బండలే కదా’ అని కింద ఒక మాట రాశాడు. వాడు అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ నాకు కొంచెం పౌరుషం వచ్చింది.

మాది ఉదయగిరి. కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలుచుకున్న కోట మా ఇంటి వాకిట్లో నిలబడి చూస్తే కనబడుతుంది. కోట కనబడినంత సులువుగా నీళ్ళు కనబడవు. చిన్నప్పుడు మా అమ్మ రెండు బిందెల కోసం తెల్లవారుజామున లేచి పోయేది. బోర్లు వచ్చాక ఎన్ని వందల అడుగులు దించితే నీళ్ళు పడతాయన్నదే మా ఊళ్ళో ముచ్చట. అట్లాంటి చోట పుట్టినవాడికి నీళ్ళమీద పడవ అంటే ఎంత ఆశ ఉంటుందో మీకు వేరే చెప్పాలా? మనవడికి జవాబుగా, ‘మన దగ్గరా దీవులున్నాయి, నేనూ పోయి వచ్చి చెబుతాను’ అని రాశాను.

అవును, ఉన్నాయి. నందికొండల వైపు పుట్టిన పెన్న దాదాపు 600 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ దారిలో వెలిగొండలను చీల్చుకుని మన జిల్లాలోకి దిగే సందే సోమశిల. ఆ సందులో కట్టిన ఆనకట్ట వెనక సుమారు 78 టి.ఎం.సి.ల నీళ్ళు పడతాయి. పూర్తి నీటిమట్టం 330 అడుగులు. అంతవరకు నిండితే పల్లం మునుగుతుంది, కొండల నెత్తులు మాత్రం పైన మిగులుతాయి. అవే మన దీవులు. అక్కడి వాళ్ళు వాటిని తిప్పలంటారు. వేసవిలో నీళ్ళు తగ్గితే తిప్ప మళ్ళీ కొండ అవుతుంది, మేకలు నడిచి ఎక్కుతాయి. స్కాట్లండు దీవులకు ఈ సౌకర్యం లేదు.

మా ముగ్గురిలో ఒకరు రిటైరైన పంతులు గారు, ఒకరు ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపిన డ్రైవరు గారు, నేను గుమాస్తాగా చేరి 2014లో రిటైరైనవాణ్ణి. వాళ్ళిద్దరిదీ ఆత్మకూరే. నేను ముందురోజు ఉదయగిరి నుంచి వచ్చి పంతులు గారింట్లో పడుకున్నాను. తెల్లవారగానే అనంతసాగరం మీదుగా సోమశిల చేరాం. దారిలో అనంతసాగరం చెరువు నిండుగా ఉంది. చెరువు నిండితే మనిషికి ఎందుకో నవ్వు వస్తుంది. బస్సులో ఎవరి ముఖం చూసినా నవ్వే.

పడవ ఏర్పాటు పంతులు గారి పాత విద్యార్థి చేశాడు. పడవ నడిపే ఆయనకు యాభై అయిదేళ్ళు దాటి ఉంటాయి. మేము ఎక్కబోతే ఆపి, ముందు మూడు లైఫ్ జాకెట్లు చేతికిచ్చాడు. డ్రైవరు గారు నాకు ఈత వచ్చునన్నారు. ‘గోదాట్లో మునిగిపోయినోళ్ళలోనూ ఈతొచ్చినోళ్ళు ఉండారు సారూ, తొడుక్కోండి’ అన్నాడాయన. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం గుర్తుకొచ్చి మాట్లాడకుండా తొడుక్కున్నాం. కుటుంబాలతో ఎక్కడికైనా పడవ మీద పోయేవాళ్ళు ఈ ఒక్క మాట మరచిపోకండి. జాకెట్టు ఇవ్వని పడవ ఎక్కవద్దు.

కొంత దూరం తెడ్లు వేశాక పడమటి గాలి తగ్గి తూర్పు గాలి మొదలైంది. ఆయన వెదురు గెడ నిలబెట్టి యూరియా గోతాలు కలిపి కుట్టిన తెరచాప ఎత్తాడు. గాలి నిండేసరికి పడవ చప్పుడు లేకుండా ఎగువకు సాగింది. డ్రైవరు గారు రెండు చేతులతో అంచు పట్టుకుని, ‘దీనికి బ్రేకు ఎక్కడ’ అని అడిగారు. ‘గాలే సారూ బ్రేకు’ అన్నాడాయన. ఆ తరువాత డ్రైవరు గారు అరగంట సేపు నోరు విప్పలేదు. ఆయనతో ముప్ఫయ్యేళ్ళ పరిచయంలో అంత సేపు మౌనం నేను చూడలేదు.

రెండు వైపులా వెలిగొండలు. నీళ్ళలో ఎండిన చెట్ల మోళ్ళు నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క మోడు మీద నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి. పంతులు గారు మాకు పాఠం చెప్పారు. శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణా నీళ్ళు పెన్నలో కలిసి ఈ జలాశయానికి చేరతాయి, ఇక్కడి నుంచి కండలేరుకు పోయి, అక్కడి నుంచి తమిళనాడు సరిహద్దు దాటతాయి. తెలుగుగంగ నీళ్ళు 1996లో మొదటిసారి చెన్నై దాకా చేరాయి. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన నీళ్ళు మైలాపూరులో కాఫీలోకి పోతున్నాయంటే మధ్యలో మజిలీ మనదే. డెల్టాలో నెల్లూరు వరి పండడానికీ ఈ నిల్వే ఆధారం.

తొమ్మిది గంటలకు ఒక తిప్ప నీడన గాలాలు వేశాం. నాకు వానపామును ముల్లుకు గుచ్చడం చేతకాకపోతే ఆయనే గుచ్చి ఇచ్చాడు. గాలం వేసి కూర్చోవడం పెన్షనరుకు తగిన పని. పై అధికారి లేడు, ఫైలు లేదు, తొందర లేదు. చేపల సంగతి ఆయన చెబుతూ పోయాడు. బొచ్చె, శీలావతి, మోసు నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టవు. వాటికి పారే వరద కావాలి. అందుకే ఏటా జలాశయాల్లో పిల్లలను వదులుతారు. జిలేబి చేప మాత్రం ఎవరూ వదలకపోయినా పెరిగి, మిగిలిన వాటి మేత తినేస్తుంది. జెల్లను పట్టుకుంటే ముందు దాని ముల్లు ఎక్కడుందో చూసుకోవాలి. నేను పట్టిన మొదటి చేప జెల్లే. ఆయన చెప్పిన మాట నేను సగమే విన్నాను. కుడిచేతి బొటనవేలు సాయంత్రం దాకా సలిపింది.

పదకొండు గంటలకు ఇంకా ఎగువకు పోయాం. అక్కడ నీళ్ళు విశాలంగా, నున్నగా ఉన్నాయి. చేపలు ఎగిరి పడుతున్నాయి. ‘ఇక్కడ వల వేస్తే బాగా పడతాయేమో అబ్బయ్యా’ అన్నాను.

‘ఈడ వెయ్యం సారూ. కింద చింతమాను మొద్దు ఉండాది. వల తగులుకుంటే చినిగిపోద్ది. ఆ పక్కన గుడి గోడ. ఆ నల్లగా కనపడే జాగాలో బావి. ఇది మా ఊరు’ అన్నాడు.

మిత్రులారా, ఇంతవరకు మీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980ల మొదట్లో, మునిగే ఊళ్ళలో ఇళ్ళు, చెట్లు, బావులు లెక్క రాసే జట్టులో కొన్ని నెలలు నన్ను డెప్యుటేషను మీద వేశారు. అట్లూరు, ఒంటిమిట్ట, నందలూరు మండలాలని ఇప్పుడు మనం అంటున్న ప్రాంతాల్లో చాలా ఊళ్ళు ఈ నీళ్ళ కింద ఉన్నాయి. మా జట్టు తిరిగిన ఊళ్ళలో ఆయన ఊరూ ఒకటి. ఊరి పేరు వినగానే నాకు ఆ రచ్చబండ, దాని మీద చింతమాను కళ్ళకు కట్టాయి. అక్కడ కూర్చునే నేను రిజిస్టరు రాశాను. ఒక ముసలామె వచ్చి, ‘ఈ చెట్టు ఎవరి పేరున రాశావు నాయనా’ అని అడిగింది. ‘ఇది పోరంబోకులో ఉంది అవ్వా, ఎవరి పేరునా రాయరు’ అన్నాను. ఆమె కాసేపు నిలబడి, ‘అయితే ఇది లేనట్టేనా’ అని వెళ్ళిపోయింది. నిబంధన ప్రకారం నేను చెప్పినది సరైనదే. నలభై ఏళ్ళకు పైగా అది సరైనదనే అనుకుంటూ వచ్చాను.

పడవ ఆయన తన కథ చెప్పాడు. అప్పుడు ఆయనకు పన్నెండేళ్ళు. నాయనా, చిన్నాయనా ఒకే ఇంట్లో ఉండేవారు. వాకిలి ఒకటి, పొయ్యిలు రెండు. లెక్క రాసినప్పుడు ఇల్లు ఒకటే కనుక పెద్దవాడైన చిన్నతాత పేరు ఒక్కటే రాశారు. పరిహారం ఆ పేరునే వచ్చింది. పంపకంలో తగాదా వచ్చి అన్నదమ్ములు విడిపోయారు. మళ్ళీ ఒకరి వాకిలి ఒకరు తొక్కలేదు. భూమి మీద బతికినవాళ్ళు నీళ్ళమీద బతకడం నేర్చుకున్నారు. వల పట్టడం ఆయనకు నేర్పింది వేరే ఊరి బెస్తవాళ్ళు. ‘మేం సేద్యం చేసిన చేలమీదే ఇప్పుడు చేపలు పడతా ఉండాం’ అని నవ్వాడు.

ఒక వాకిలి, రెండు పొయ్యిలు. అట్లాంటి ఇళ్ళు నేను ఎన్ని రాశానో నాకు తెలుసు. పొయ్యిలు లెక్కపెట్టి ఉంటే రెండు కుటుంబాలని తేలేది. వంటింట్లోకి తొంగి చూడాలి, ఇద్దరినీ పిలిచి అడగాలి, దానికి పొద్దు చాలదు. రోజుకు ఇన్ని ఇళ్ళు పూర్తి చేస్తే చాలుననుకుని వాకిళ్ళు లెక్కపెట్టాం. మా జట్టులో ఆ ఇల్లు రాసింది నేనో మరొకరో ఇప్పుడు చెప్పలేను. అయినా వాకిళ్ళు లెక్కపెట్టిన వాళ్ళలో నేనొకణ్ణి.

ఆ మాట దాచుకుని ఆయన పెట్టే అన్నం తినబుద్ధి కాలేదు. ‘అబ్బయ్యా, ఆ లెక్క రాసిన వాళ్ళలో నేనూ ఉన్నాను’ అన్నాను.

ఆయన నా ముఖం వైపు చూశాడు. తెరచాప తాడు ఒకసారి వదులు చేసి మళ్ళీ కట్టాడు. పంతులు గారు, డ్రైవరు గారు కొండల వైపు చూస్తూ కూర్చున్నారు. తరువాత ఆయన అన్నాడు: ‘రాసినోళ్ళు రాసినారు సారూ. మీ గాలం చూసుకోండి, లాగతా ఉండాది.’

నిజంగానే లాగుతోంది. ఇద్దరం కలిసి పైకి లాగితే రెండు కిలోల శీలావతి. నా జీవితంలో పట్టిన పెద్ద చేప అదే.

మధ్యాహ్నం ఒక తిప్ప మీద మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేశాం. చింతపండు పులుసు ఆయనే పెట్టాడు. మామిడికాయ ముక్కలు వేస్తే అసలైన నెల్లూరు పులుసు అయ్యేది, డిసెంబరులో మామిడికాయ ఎక్కడ దొరుకుతుంది? మా ఆవిడ ఇచ్చిన ఉదయగిరి కొయ్య గరిటె ఆ రోజు పనికి వచ్చింది. నర్ది, బిక్కి వంటి కొండ కర్రలతో మా ఊరి ఆడవాళ్ళు చెక్కే గరిటెలు మీకు తెలిసినవే. పులుసుకు ఇనుప గరిటె కంటే అదే మంచిది. ఆయన గరిటెను తిప్పి చూసి మెచ్చుకుంటే అక్కడే ఇచ్చేశాను. రాగి సంగటి, చేపల పులుసు తిని నలుగురం చెట్టు నీడన నడుం వాల్చాం. చేపల పులుసు మరునాడు తింటేనే రుచి అని మన వైపు అంటారు గానీ, మేము మరునాటికి ఏమీ మిగల్చలేదు.

తిరుగు ప్రయాణంలో 2021 నవంబరు వరద ప్రస్తావన వచ్చింది. ఆ నెల 19న ఎగువన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట వైపు పల్లెలను నీళ్ళు ఈడ్చుకుపోయాయి. ఆ వరదంతా సోమశిలకే వచ్చింది. ఇక్కడి నుంచి అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు వదలాల్సి వచ్చింది. నెల్లూరు దగ్గర రైలు కట్ట, జాతీయ రహదారి దెబ్బతిన్నాయి. ఆ రాత్రి ఆయన ఒడ్డున పడవలు కట్టుకుంటూ, ‘ఒక తూరి ఊరు పోయింది చాలు’ అనుకున్నాడట.

దిగబోయే ముందు ఆయన నన్ను ఒక్క సంగతి అడిగాడు. డబ్బు కాదు, సిఫారసు కాదు. ‘సారూ, మీరు రాసిన కాగితాల్లో మా ఊరి పేరు ఉంటాది గదా. మా మనవరాలు బళ్ళో మన సొంతూరు ఏదని అడిగితే చెప్పిందంట. అట్లాంటి ఊరు లేదని పిలకాయలు నవ్వినారంట. పేరు ఉండే కాగితం ఒకటి దొరుకుద్దా?’

దొరుకుతుందని చెప్పాను. దొరికింది కూడా. ఏ గదిలో ఏ రికార్డు ఉంటుందో, నకలుకు ఎట్లా దరఖాస్తు రాయాలో తెలియడమే కదా మన జీవితకాలపు విద్య! మూడుసార్లు తిరిగాను. పాత గ్రామ పటం నకలు తెచ్చి ఇచ్చాను. అందులో చెరువు, దారి, గ్రామకంఠం, బావి అన్నీ ఉన్నాయి. చింతమాను లేదు. ఎక్కడుండేదో ఆయనను అడిగి, పెన్సిలుతో ఒక చుక్క పెట్టాను. సర్కారు లెక్కలోకి రాకపోయినా ఆ నకలులోకి వచ్చింది. ఊరి పేరు ఇక్కడ చెప్పడం లేదు. చెబితే ఆ కుటుంబం ఎవరిదో ఈ సభలో కొందరికి తెలిసిపోతుంది.

నేను ఆనకట్ట వద్దనే మనిషిని కాను. రెండు బిందెల నీళ్ళ కోసం తల్లి పడిన పాటు చూసినవాణ్ణి. ఈ నీళ్ళు లేకపోతే ఆత్మకూరు వైపు పొలాల గతి ఏమిటో మీకందరికీ తెలుసు. మా ఉదయగిరి మెట్టకు కూడా నీళ్ళు రావాలని కోరుకుంటున్నవాణ్ణే. అయితే కృష్ణదేవరాయలు మా ఉదయగిరి కోట గెలిచి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరం తీసుకుపోయినప్పుడు, అక్కడ గుడి కట్టించి, ఎక్కడి నుంచి తెచ్చాడో రాతి మీద శాసనం వేయించాడు. అయిదు వందల ఏళ్ళ తరువాత కూడా మా ఊరి పేరు హంపీలో చదువుకోవచ్చు. మనం ఇంతమంది దగ్గర ఇన్ని ఊళ్ళు తీసుకున్నాం. ఆ ఊళ్ళ పేర్లు నలుగురూ చదివే చోట ఎక్కడ రాశాం?

ఇదీ నా విన్నపం. మనం ఏటా ఒకసారి బతికే ఉన్నామని పత్రం ఇచ్చుకుంటాం. ఆ ఊళ్ళ తరఫున అట్లాంటి పత్రం ఇవ్వగలిగిన వాళ్ళం మనమే. మనలో రెవెన్యూలో, ఇరిగేషనులో, సర్వేలో, పోస్టాఫీసుల్లో, బడుల్లో, బస్సుల్లో పనిచేసి ఆ ఊళ్ళను కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. పంతులు గారికి అక్కడి పిల్లల పేర్లు గుర్తున్నాయి. డ్రైవరు గారికి ఏ ఊరి మలుపులో బస్సు ఆగేదో గుర్తుంది. ఒక నోటుబుక్కు కొన్నాను. ఊరి పేరు, చెరువు, గుడి, బడి, పెద్ద చెట్టు, ఊరివాళ్ళు ఎక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు అనే గళ్ళు గీశాను. పెద్ద చెట్టుకు ఈసారి గడి ఉంది. ఇప్పటికి 11 ఊళ్ళు రాశాను. మీకు తెలిసినవి ఒక కార్డు మీద రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి. రాయలేని వాళ్ళు చెప్పండి, నేను వచ్చి రాసుకుంటాను. కుటుంబ సభ్యులు కూడా ఇంట్లో పెద్దలను ఒక సాయంత్రం కూర్చోబెట్టి అడగండి.

మనవడికి ఉత్తరం రాశాను. మన దీవుల కింద ఊళ్ళున్నాయని, నేను పట్టిన చేప రెండు కిలోలని రాశాను. రెండో మాట వాడు నమ్మలేదు. పంతులు గారు ఇక్కడే ఉన్నారు, సాక్ష్యం చెబుతారు.